మళ్ళీ కూర్చోమన్నది నేనే

చెన్నైలో ఒక లోకల్ తమిళ ఛానల్లో ఇరవై ఎనిమిదేళ్ళు కెమెరామాన్‌గా పనిచేసి రెండేళ్ళ క్రితం రిటైరయ్యాను. పేరు వరదరాజులు. ఆఫీసులోనూ, పోలీస్ స్టేషన్ల గేట్ల దగ్గరా అందరికీ రాజు అన్నను. నా కుడి భుజం ఎడమ భుజం కన్నా కాస్త కిందికి ఉంటుంది. ఆ సంగతి మొదట కనిపెట్టింది చొక్కాలు కుట్టే టైలరు.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు చదువుతారని ఇది రాస్తున్నాను. తెలుగులో రాయడానికి రెండు కారణాలు. నేను చదువుకున్నది కోడంబాక్కంలో తెలుగు మీడియం బడిలో. కూర్చుని రాయాలంటే ఇప్పటికీ నాకు ఈ అక్షరాలే వస్తాయి. రెండోది, తమిళంలో రాస్తే మా ఆఫీసువాళ్ళు చదువుతారు. మా అమ్మాయి తెలుగు మాట్లాడుతుంది గాని చదవలేదు. ఆమె చదవకపోవడమే నయమని రాస్తూ రాస్తూ రెండు మూడు సార్లు అనుకున్నాను.

నాకు వచ్చిన షీల్డుల గురించి, ఎవరెవరితో ఫోటో దిగానో వాటి గురించి ఇందులో ఉండదు. ఎక్కువగా ఒక్క ఉదయం గురించే ఉంటుంది.

నిలబడే పని

ఈ ఉద్యోగమంటే పరుగులని బయటివాళ్ళు అనుకుంటారు. నేను ఎక్కువ చేసింది నిలబడటం. మంత్రి కారు కోసం ఎండలో, డాక్టరు కోసం ఆసుపత్రి గేటు బయట, ముద్దాయి కోసం కోర్టు మెట్ల కింద. ఆ నిలబడటం అలవాటు కానివాళ్ళు ఏడాది తిరక్కుండా మానేసి పెళ్ళిళ్ళ వీడియోలకు వెళ్ళిపోయారు. వాళ్ళు తెలివైనవాళ్ళు.

మాది పెద్ద ఛానల్ కాదు. నగరం వార్తలే మా తిండి. నీళ్ళు రాలేదు, చెత్త ఎత్తలేదు, వీధి దీపం వెలగలేదు, తవ్విన రోడ్డు పూడ్చలేదు. బులెటిన్‌లో ముందు రాజకీయం, తర్వాత సినిమా, తర్వాత ప్రమాదాలు. వీటన్నిటి మధ్యా ఖాళీ మిగిలితే ఇవి. మాకు చోటు దొరకాలంటే జనం గట్టిగా అరవాలి. ఆ సంగతి జనానికీ తెలుసు. మా కారు వీధి మొదట్లో కనిపించగానే ఆడవాళ్ళు ఇళ్ళలోకి పరుగెత్తి ఖాళీ బిందెలు తెచ్చి వరసగా పెట్టేవాళ్ళు. మేము అడిగే పని కూడా ఉండేది కాదు.

ఒకసారి సౌకార్‌పేటలో ఒక సందు మొత్తం మురుగు నిలిచిపోయింది. బట్టల హోల్‌సేల్ వ్యాపారి ఒకాయన పంచె పైకి ఎత్తి పట్టుకుని, కోపంతో ఊగిపోతూ మైకు ముందు మాట్లాడాడు. మా భాషలో మంచి బైట్. మేము ఆఫీసుకు చేరేలోపు ఆయనే ఫోన్ చేసి తీసేయమని బతిమాలాడు. టీవీలో చూస్తే కొనేవాళ్ళు ఆ సందుకు రారట. తీసేశాం. ఆ మురుగు ఎన్నాళ్ళు అక్కడే ఉందో నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు. మరుసటి రోజుకు మరో సందు.

సుందరం సార్

మా న్యూస్ ఎడిటర్ సుందరం సార్ నాకు పని నేర్పాడు. ఆయన గురించి చెడుగా రాయాలని కూర్చుంటే మంచి కూడా గుర్తొస్తుంది. "రోడ్డును తీయకు, రోడ్డు దాటుతున్న ముసలామెను తీయి" అని చెప్పింది ఆయనే. మా నాన్న పోయిన రోజు అందరికన్నా ముందు వచ్చి, సాయంత్రం దాకా వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నదీ ఆయనే.

ఆయనకు ఒకే భయం. వేరే ఛానల్లో ఉన్న బొమ్మ మా ఛానల్లో లేకపోవడం. అలాంటి రోజు ఆయన ఎవరినీ తిట్టేవాడు కాదు. టీవీ సౌండు తగ్గించి, ఎదుటి ఛానల్ని చూస్తూ నిలబడేవాడు. వెనక మేము నిలబడేవాళ్ళం. తిట్టినా బాగుండేది.

ఇంకొకటి చెప్పాలి. మా నాన్న కోడంబాక్కం స్టూడియోల్లో లైట్లు మోసేవాడు. చిన్నప్పుడు ఆయనకు అన్నం క్యారియర్ తీసుకెళ్ళి షూటింగులు చూస్తూ పెరిగాను. అక్కడ ఏది బాగా రాకపోయినా "ఇంకోసారి" అనేవాళ్ళు. హీరో అయినా సరే మళ్ళీ నడిచి వచ్చేవాడు. నాకు ఆ మాట తప్పని ఎప్పుడూ అనిపించలేదు. న్యూస్‌లోకి వచ్చాక కూడా వాడాను. "సార్, శాలువా ఇంకోసారి కప్పండి." "సార్, రిబ్బన్ కట్ చేసినట్టు ఇంకోసారి కత్తెర పట్టుకోండి." నాయకులు నవ్వుతూ చేసేవాళ్ళు. ఎవరికీ నష్టం లేదు. అందుకే ఆ అలవాటు అంత లోతుగా దిగిపోయింది.

ఆ ఉదయం

పదేళ్ళ పైమాట. మాధవరం పాల కాలనీకి వెనకవైపు ఒక కాలేజీ ఉంది. మెయిన్ రోడ్డు నుంచి కాలేజీ గేటుకు వెళ్ళే దారిలో మ్యాన్‌హోల్ పొంగి నాలుగు నెలలైంది. పిల్లలు ఇటుకలు వేసుకుని వాటి మీద అడుగులు వేస్తూ వెళ్ళేవాళ్ళు. పరీక్షల వారంలో ఒక అమ్మాయి ఇటుక మీద నుంచి జారి పడి మణికట్టు విరగ్గొట్టుకుంది. మరుసటి రోజు పొద్దున్నే పిల్లలంతా మెయిన్ రోడ్డు మీద కూర్చున్నారు.

మేము ఆ సమయానికి ఊరికి అవతలి కొసన ఒక మంత్రి ఫంక్షన్‌లో ఉన్నాం. డెస్కు నుంచి ఫోన్ వచ్చేసరికి వాళ్ళు కూర్చుని గంటయింది. నేనూ, రిపోర్టర్ కవితా ట్రాఫిక్‌లో పడి మాధవరం చేరేసరికి రోడ్డు ఖాళీ. బస్సులు మామూలుగా పోతున్నాయి. పిల్లలు టీ అంగడి దగ్గర గుంపుగా నిలబడి నవ్వుకుంటున్నారు.

అంతా మంచిగానే జరిగిపోయింది. కార్పొరేషన్ ఇంజనీరు వచ్చి సాయంత్రానికి నీళ్ళు తోడే లారీ పంపిస్తానని, నెలలోపు కొత్త పైపు వేయిస్తానని అందరి ముందూ చెప్పాడు. ఇన్‌స్పెక్టర్ కూడా మర్యాదగా, "లేచి క్లాసులకు పోండి, కేసు గీసు ఏమీ ఉండదు" అన్నాడు. వాళ్ళు లేచారు. వాళ్ళు గెలిచారు. మేము రాకముందే గెలిచారు.

వాళ్ళకు ముందు నిలబడి మాట్లాడింది సుజాత అనే అమ్మాయి. బి.కాం. రెండో సంవత్సరం. సన్నగా ఉంది, గొంతు మాత్రం పెద్దది. కవిత ఆమెతో తమిళంలో మాట్లాడుతుండగా ఆమె ఫోన్ మోగింది. ఫోన్లో తెలుగు.

"అయిపోయిందిలేమ్మా. ఇంజనీరు వచ్చిపోయినాడు. లారీ పంపిస్తాడంట. నువ్వు పనికి పో, నాకేం కాలా."

వాళ్ళ అమ్మ రోడ్లు ఊడ్చే కాంట్రాక్టు కార్మికురాలని తర్వాత తెలిసింది. ఆ అమ్మాయి ఫోన్ పెట్టగానే అడిగాను.

"తెలుగువాళ్ళామ్మా?"

"అవునన్నా. మా అవ్వవాళ్ళది నెల్లూరు పక్క. మేమంతా ఈడే పుట్నాము. మీరు?"

"మాది కోడంబాక్కం."

ఆమె ముఖం విచ్చుకుంది. ఈ ఊళ్ళో తెలుగు మాట వినపడితే మనవాళ్ళ ముఖాలు అలా అవుతాయి. నాదీ అయ్యే ఉంటుంది.

కవిత బైట్ తీసుకుని డెస్కుకు ఫోన్ చేసింది. స్పీకర్‌లో సుందరం సార్ గొంతు నాకూ వినిపించింది. "మాటలు ఎవరికి కావాలమ్మా? పిల్లలు రోడ్డు మీద కూర్చున్నట్టు ఉందా లేదా? అవతలి ఛానల్లో అరగంట నుంచి అదే నడుస్తోంది." కవిత ఫోన్ దించి నా వైపు చూసింది. ఆమెకు అప్పటికి ఉద్యోగంలో చేరి ఏడాది.

ఇక్కడ ఒక విషయం తేటగా రాయాలి. పిల్లలను అడిగింది కవిత కాదు, సుందరం సార్ కాదు. నేను. తెలుగులో అడిగాను.

"రెండే రెండు నిమిషాలు తల్లీ. నా దగ్గర విజువల్ లేదు. మళ్ళా ఒకతూరి కూచోండి, రెండు మాటలు అరవండి, లేచిపోదురు."

"పోలీసు సారు పొమ్మన్నాడు గదన్నా. మళ్ళా కూచుంటే కోపపడతాడేమో."

"ఆయన పోయినాడు గదా. వస్తే నేను చెప్తాలే. మేముండాము."

ఆమె ఒక క్షణం నన్ను చూసింది. తర్వాత వెనక్కి తిరిగి స్నేహితులతో తమిళంలో, "టీవీ అన్న అడుగుతున్నాడు, రెండు నిమిషాలే" అంది. ఇరవైమంది దాకా వచ్చి కూర్చున్నారు. కొందరికి చేతుల్లో టీ గ్లాసులు ఉంటే పక్కన పెట్టమన్నాను. అరవమన్నాను. అరిచారు. పొద్దున కోపంతో అరిచి ఉంటారు. ఇప్పుడు నవ్వు ఆపుకుంటూ అరిచారు. నవ్వొద్దన్నాను. రెండు నిమిషాలు అయ్యాక ఇంకో వైపు నుంచి తీస్తాను, ఇంకాసేపు అన్నాను.

ఆ ఇంకాసేపులో ఒక బస్సు బ్రేకు వేసి ఆగింది. దాని వెనక మోపెడ్ మీద వస్తున్న పెద్దాయన అదుపు తప్పి పడ్డాడు. మోకాలు చీరుకుపోయింది. జనం పోగయ్యారు. ఎవరో అరిచారు. అప్పటిదాకా సందు మలుపు అవతలే ఆగి ఉన్న పోలీసు జీపు వెనక్కి తిరిగి వచ్చింది.

ఇన్‌స్పెక్టర్ దిగాడు. ఆయన కోపంలో అన్యాయం లేదు. "పొమ్మంటే లేచారు. నేను వెనక్కి తిరగ్గానే మళ్ళీ కూర్చున్నారు. నన్నేమనుకుంటున్నారు? ఎవరు కూర్చోమన్నారు మిమ్మల్ని?"

సుజాత నా వైపు చూసింది.

నేను కెమెరా దించలేదు. కన్ను వ్యూఫైండర్‌కే ఆనించి ఉంచాను. అందులో ఆమె సూటిగా లెన్స్‌లోకి చూస్తోంది. నేను చెప్తాలే అన్న మనిషిని నేను. నోరు తెరిచి ఒక్క వాక్యం అంటే చాలు. "సార్, నేనే కూర్చోమన్నాను." ఆయన నన్ను తిట్టేవాడు. మహా అయితే ఆఫీసుకు ఫోన్ చేసేవాడు. నేను రికార్డింగ్ బటన్ నొక్కి ఉందా లేదా అని చూసుకున్నాను.

"మేమే కూర్చున్నాము సార్" అంది ఆమె.

పదకొండు మందిని వ్యాన్ ఎక్కించారు. అక్కడికి దగ్గర్లో ఒక కల్యాణ మండపంలో సాయంత్రం దాకా కూర్చోబెట్టి వదిలేశారు. వదిలేసేముందు పదకొండు మంది పేర్లూ రాసుకుని కేసు పెట్టారు.

వార్త ఎటు పోయింది

ఆ సాయంత్రం బులెటిన్‌లో మాదే మొదటి వార్త. మురుగు గురించి కాదు, అరెస్టు గురించి. నాయకులు ఖండించారు. మరో రెండు కాలేజీల పిల్లలు గేట్ల ముందు నిలబడ్డారు. అయిదు రోజులు ఇదే నడిపాం. మొదటి రోజు మ్యాన్‌హోల్ మాట మొదటి వాక్యంలో ఉంది. మూడో రోజుకు ఎక్కడా లేదు. ఇంజనీరు పంపిస్తానన్న లారీ వచ్చిందా అని మేము అడగలేదు. అంత గొడవయ్యాక ఆయన ఎందుకు పంపిస్తాడు?

సుజాత లెన్స్‌లోకి చూసిన ఆ చూపును వీడియో ఎడిటర్ ఆపి, పెద్దది చేసి ప్రోమోలో పెట్టాడు. కింద "ధిక్కారం" అని అక్షరాలు. సుందరం సార్ నా భుజం తట్టి, "ఇదీ ఫ్రేము అంటే" అన్నాడు. ఆ అమ్మాయి ఎవరినీ ధిక్కరించలేదు. ఆ చూపు నా కోసం. అది ఆ ఎడిటింగ్ గదిలో నాకొక్కడికే తెలుసు. కవితకు తెలుసేమో. మేమిద్దరం దాని గురించి ఎన్నడూ మాట్లాడుకోలేదు.

మీలో కొందరు అనుకోవచ్చు, ఆ రోజు విజువల్ లేకుండా వెళ్తే ఉద్యోగం ఉండేదా అని. నేనూ చాలా ఏళ్ళు అలాగే చెప్పుకున్నాను. తర్వాత ఒకసారి అంబత్తూరు వైపు ఇలాంటిదే మరో ధర్నా మేము చేరేసరికి ముగిసింది. నేను ఏమన్నా అనేలోపే కవిత ఫోన్ తీసి, "అయిపోయింది సార్. మళ్ళీ కూర్చోమని నేను అడగను" అంది. సుందరం సార్ "ఎవరి దగ్గరైనా ఫోన్లో తీసిన వీడియో ఉంటే అడిగి పంపించు" అన్నాడు. అంతే. అంత తేలిగ్గా అయిపోయింది.

వకీలు వచ్చిన రోజు

రెండేళ్ళ తర్వాత సుజాత ఫోన్ చేసింది. ఆ రోజు ఏదో మాటల్లో నేనే నంబరు ఇచ్చాను. డిగ్రీ అయిపోయింది, ప్రభుత్వ ఉద్యోగం పరీక్ష రాసి పాసైంది. సర్టిఫికెట్లు చూపించేటప్పుడు, మీ మీద ఏమైనా కేసు ఉందా అని ఒక గడి ఉంటుంది. ఆమె ఉందని నిజం రాసింది. ఆమె పేరు పక్కన పెట్టేశారు.

"మా వక్కీలు అరుళ్ అని ఒకాయన ఉండాడన్నా. ఆయన మిమ్మల్ని చూడాలంటాండాడు. మీరొచ్చి చెప్తే కేసు నిలబడదంట."

అరుళ్ కుర్రవాడు. నల్లకోటు చేతి మీద వేసుకుని మా ఆఫీసు రిసెప్షన్‌లో కూర్చున్నాడు. మాటలు తక్కువ. రెండు అడిగాడు. ఆ ఉదయం మేము తీసిన ఎడిట్ చేయని ఫుటేజ్, లేదంటే నా సాక్ష్యం. "వాళ్ళంతట వాళ్ళు లేచిపోయారు, మీరు అడిగితే మళ్ళీ కూర్చున్నారు. అంతే సార్ మీరు చెప్పాల్సింది."

సుందరం సార్ గదిలోకి వెళ్ళి చెప్పాను. ఆయన తలుపు మూసి రమ్మన్నాడు. "రాజూ, నువ్వు కోర్టులో ఆ మాట అంటే రేపు ప్రతి పేపరులో మన పేరు. వార్తలను మనమే తయారుచేస్తామని రాస్తారు. ఛానల్లో ఇంతమంది ఉన్నారు. ఆలోచించు." బెదిరించలేదు. మెల్లగానే చెప్పాడు. ఆయన కూడా భయపడ్డాడు.

ఫుటేజ్ సర్వర్లో లేదు. చోటు కోసం పాతవి ఎప్పటికప్పుడు చెరిపేస్తారు. ఎడిట్ చేయని దానిలో నా గొంతు ఉంటుంది. "రెండే రెండు నిమిషాలు తల్లీ" అన్నది ఉంటుంది. అది చెరిగిపోయిందని సిస్టమ్ రూమ్‌లో కుర్రాడు చెప్పగానే నాకు బాధ కలగలేదు. హమ్మయ్య అనిపించింది. ఈ రాసినదంతటిలో ఒప్పుకోవడానికి నాకు ఎక్కువ కష్టమైన వాక్యం ఇదే.

అరుళ్‌తో రానని చెప్పలేదు. వస్తానన్నాను. మొదటి వాయిదాకు జ్వరమన్నాను. రెండో వాయిదాకు మెజిస్ట్రేట్ సెలవు, నేను కోర్టు బస్‌స్టాప్ దాకా వెళ్ళి ఆ సంగతి విని తేలిగ్గా వెనక్కి వచ్చాను. మూడో వాయిదా రోజున కాంచీపురం వైపు ఒక డ్యూటీ ఉంటే నేనే అడిగి వేయించుకున్నాను. గుడి ముందు నిలబడి ఏదో ఊరేగింపు తీస్తుంటే జేబులో ఫోన్ మూడుసార్లు మోగింది. ఆ తర్వాత అరుళ్ మళ్ళీ ఫోన్ చేయలేదు.

కొన్నాళ్ళకు విద్యార్థుల మీద ఉన్న అలాంటి కేసులన్నీ ఎత్తేస్తున్నట్టు ప్రకటన వచ్చింది. మా ఛానల్లోనే స్క్రోలింగ్‌లో చూశాను. సుజాత కేసు కూడా అందులో పోయింది. అప్పటికి ఆ ఉద్యోగాల జాబితా గడువు ముగిసింది. నేను సాక్ష్యం చెప్పాల్సిన అవసరం కూడా ముగిసింది. నేను పిరికివాణ్ణని ఏ కాగితంలోనూ లేదు.

మాధవరం

రిటైరయ్యాక మొదటి ఏడాది ఇంట్లో టీవీ చూస్తూ గడిపాను. ప్రతి విజువల్ వెనకా ఎవరు ఏం అడిగి ఉంటారా అని ఆలోచించడం తప్ప వార్త ఒక్కటీ తలకెక్కలేదు. చివరికి ఒకరోజు సుజాత నంబరుకు ఫోన్ చేశాను. అదే నంబరు. పేరు చెప్పగానే గుర్తుపట్టింది. ఆదివారం రమ్మంది.

బస్ టెర్మినస్‌లో దిగి అడుగుతూ వెళ్ళాను. ఆమె ఒక ప్రైవేటు ల్యాబ్‌లో రిసెప్షన్‌లో పనిచేస్తోంది. పెళ్ళయింది, ఒక పాప. వాళ్ళ అమ్మ పెంచలమ్మ కూడా ఆ ఇంట్లోనే ఉంది. నాకు కాఫీ ఇచ్చారు. నేను వెళ్ళింది ఎందుకో కాఫీ చల్లారేదాకా చెప్పలేకపోయాను. తర్వాత అంతా చెప్పాను. జ్వరం అబద్ధమని, కాంచీపురం డ్యూటీ కావాలని వేయించుకున్నానని.

సుజాత విని పాపకు జుట్టు దువ్వుతూనే ఉంది.

"నువ్వొస్తావని నేను అనుకోలేదులే అన్నా. వక్కీలు అనుకున్నాడు, అంతే."

"నీకు నా మీద కోపం లేదా?"

"ఉన్నింది. శానా రోజులు ఉన్నింది. ఇప్పుడు దాన్ని పెట్టుకునేదానికి యాడ తీరిక?" దువ్వెన పక్కన పెట్టింది. "ఒకటి అడగతా. కేసు సంగతి పక్కన పెట్టన్నా. మేము కూచున్నది ఆ నీళ్ళ కోసరం. ఆ నీళ్ళు పోయినాయా లేదా అని మీరెవురైనా మళ్ళా ఒకతూరి వచ్చి చూసినారా?"

లేదన్నాను. నిజానికి ఆ ప్రశ్న ఇన్నేళ్ళలో నాకు ఒక్కసారి కూడా తట్టలేదు. కోర్టు గురించి, ఆమె ఉద్యోగం గురించి, నా గురించి బోలెడు ఆలోచించాను. ఆ దారి గురించి ఆలోచించలేదు.

"అమ్మా, సార్‌కి రోడ్డు చూపించు" అంది సుజాత. తను డ్యూటీకి వెళ్ళాలని లేచింది. వాకిట్లో చెప్పులు వేసుకుంటూ, "మళ్ళా రా అన్నా" అంది. మర్యాదకే అంది. మర్యాదకైనా అంది.

పెంచలమ్మ నన్ను కాలేజీ దారికి తీసుకెళ్ళింది. ఆమె వేగంగా నడుస్తుంది, నేనే వెనకబడ్డాను. మెయిన్ రోడ్డు నుంచి గేటు దాకా సిమెంటు రోడ్డు. పొడిగా, శుభ్రంగా ఉంది. ఆదివారమైనా ఏదో పరీక్ష ఉన్నట్టుంది, పిల్లలు పుస్తకాలు తిరగేస్తూ, కిందికి చూడకుండా నడుస్తున్నారు.

"ఎప్పుడు వేసినారమ్మా ఈ పైపు?"

"మీ గలాటా అయినాక ఏడు నెలలకు. నేను, ఇంకా ఇద్దురు ఆడోళ్ళు. ప్రతి సోమవారం పని ముగించుకోని ఆఫీసుకు పోయేవాళ్ళము. ఆ ఇంజనీరు మమ్మల్ని చూస్తే చాలు, టీ తాగేదానికి లేచిపోతాడు. మేము ఆ టీ అంగడికే పోయి నిలబడుకుంటాము. గొడవ లేదు, అరుపు లేదు. ఊరికే నిలబడుకుంటాము. ఆయన టీ తాగలేడు, లేచిపోలేడు." ఆమె నవ్వింది. "ఆఖరికి ఒక సోమవారం ఆయనే పిలిచి చెప్పినాడు, రేపటినుంచి పని మొదలవుతుందమ్మా, ఇంక రాబాకండని."

"మాకు ఒక ఫోన్ చేసుంటే వచ్చి తీసేవాళ్ళం గదమ్మా."

ఆమె ఆగి నా ముఖం చూసింది. వెటకారం లేదు ఆ చూపులో. చిన్నపిల్లవాడికి తెలియని సంగతి చెప్పేటప్పటి ఓపిక ఉంది.

"చేద్దామని ఆ ఇద్దురూ అన్నారు సార్. నేనే వొద్దన్నా. మీరొస్తే ఆయనకి రోసమొస్తుంది. రోసమొస్తే పని నిలిచిపోతుంది. మాకు కావల్సింది పైపు."